పక్కన ఎవరున్నారు?

ప్రశ్న: అక్కా, వందనాలు. నాకు 46 ఏళ్లు. మా సంఘంలో 11 ఏళ్లుగా సండే స్కూల్ చూసుకుంటున్నాను. నాలుగేళ్లుగా ముగ్గురు అమ్మాయిలను విడివిడిగా కలుస్తూ వాక్యంలో, ప్రార్థనలో నడిపిస్తున్నాను. వాళ్లలో ఒకమ్మాయి ఆరు నెలల క్రితం ఒక్క మాటైనా చెప్పకుండా రావడం మానేసింది. ఫోన్ ఎత్తదు. నేనేం తప్పు చేశానో తెలియదు. ఈమధ్య సండే స్కూల్‌కి కొత్త టీచర్ వచ్చింది. చిన్న వయసు, చక్కగా పాడుతుంది. పిల్లలంతా ఆమె చుట్టే. పాస్టర్ గారు ఆరాధనలో అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నారు. నేనూ సంతోషించాలని తెలుసు, సంతోషం మాత్రం రావడం లేదు. శనివారం సాయంత్రం నుంచే గుండె బరువెక్కుతోంది. సంతోషం లేకుండా సేవ చేయడం వేషధారణ కాదా? మానేయనా? ఇంకో చిన్న సంగతి. పిల్లల పాటలు, కథలు, పాఠాలు ఇన్నేళ్లూ చేత్తో రాసుకున్న నోటుబుక్కు ఒకటి నా దగ్గరుంది. ఆ టీచర్ దాన్ని అడుగుతోంది. ఇవ్వాలా? – ఒక సహోదరి

జవాబు: చెల్లెమ్మా, వందనాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అలసట కనిపించింది. రెండోసారి చదువుతుంటే ఇంకొకటి తట్టింది. ఉత్తరం నిండా మనుషులే ఉన్నారు, మీతో కలిసి పనిచేసేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ముగ్గురు అమ్మాయిలు, వాళ్లు మీరు నడిపించేవాళ్లు. కొత్త టీచర్, ఆమెను చూస్తే మీకు మనసు చివుక్కుమంటోంది. పాస్టర్ గారు, ఆయన ఎక్కడో ముందు నిలబడి ఉన్నారు. 11 ఏళ్లలో మీ పక్కన ఎవరున్నారు? ఎవరూ ఉన్నట్టు లేదు. మీ సంతోషం ఇంకిపోయింది అక్కడేనని నా అనుమానం.

ముందు ఆ ‘వేషధారణ’ మాట తీసి పక్కన పెట్టేద్దాం. లోపల లేని సంతోషాన్ని ముఖానికి పులుముకుంటే అది వేషధారణ. లేదని చెప్పి ఉత్తరం రాస్తే అది నిజాయితీ. సంఖ్యాకాండము 11వ అధ్యాయం తీసి చూడండి. ఈ జనమంతటినీ నేనొక్కణ్ణే మోయలేను, ఇలాగే చేస్తానంటే నన్ను చంపెయ్యి ప్రభువా అన్నాడు మోషే. వేషధారీ అని దేవుడు గద్దించలేదు. నీవు ఒంటరిగా మోయకుండా 70 మంది పెద్దలను పోగుచెయ్యి, నీమీద ఉన్న ఆత్మలో పాలు వాళ్లకూ ఇస్తాను అన్నాడు. ప్రవక్త ఏలీయా సంగతీ అంతే. బదరీ చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నవాడికి ముందు నిద్ర, తిండి, నీళ్లు దొరికాయి. మళ్లీ నిద్ర, మళ్లీ తిండి. హోరేబు కొండ దాకా నడిచి వెళ్లాక, నేనొక్కణ్ణే మిగిలాను అని అతను రెండుసార్లు చెప్పుకున్నాక, తన తర్వాత ప్రవక్తగా ఎలీషాను అభిషేకించమన్న మాట వచ్చింది. నీలాంటివాళ్లు ఇంకా 7,000 మంది ఉన్నారన్న లెక్క కూడా అప్పుడే వచ్చింది. ఈ రెండు చోట్లా అలసినవాడికి దేవుడు చేసినది ఒకటే, పక్కన మనిషిని పెట్టాడు.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. శనివారం సాయంత్రపు బరువు మిగతా రోజులకూ పాకిందా? రెండు వారాలకు పైగా నిద్ర సరిగా పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోవడం ఉంటే డాక్టర్‌ను కలవండి. ప్రార్థన చేసుకుంటూనే కలవండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన విశ్వాసం తగ్గిపోదు.

ఇప్పుడు మోషే మామ దగ్గరికి. నిర్గమకాండము 18లో యిత్రో ఒక రోజంతా అల్లుడి పని చూశాడు. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని ఉన్నాడు, జనం చుట్టూ నిలబడి ఉన్నారు. యిత్రో పొగడలేదు. నువ్వు చేస్తున్న పని మంచిది కాదు అన్నాడు. ఆ తర్వాత అన్న మాట నేను చాలా ఏళ్లు గమనించకుండా దాటేశాను. నువ్వూ నలిగిపోతావు, నీతో ఉన్న ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. అన్నీ ఒక్కరే మోస్తే అవతలివాళ్లూ అలసిపోతారట! వాళ్లు పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు మరి, ఒక్క మనిషి కోసం. మనం చేసే మెంటరింగ్ మన చేతిలోనే ఉండాలి, మన ఇంట్లోనే జరగాలి, మన పద్ధతిలోనే సాగాలి అనుకుంటాం చూశారా, అప్పుడు మన ఎదుట ఉన్న పిల్ల కూడా నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నట్టే లెక్క.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. నేను చాలాకాలం యూత్ అమ్మాయిలను కలిసేదాన్ని. ప్రతి అమ్మాయికీ నా దగ్గర ఒక పేజీ ఉండేది. ఈ వారం ఏ అధ్యాయాలు చదివింది, ఎన్ని రోజులు ప్రార్థన చేసింది, పోయినసారి ఏం ఒప్పుకుంది, ఇప్పుడేమైంది. ఎదురెదురుగా రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. నేను చాలా శ్రద్ధగా చేస్తున్నాననే అనుకున్నాను. ఒకరోజు వాళ్లలో ఒకమ్మాయి నవ్వుతూనే అంది, “అక్కా, మీ ముందు కూర్చుంటే నా పేపర్ నా ఎదుటే దిద్దుతున్నట్టు ఉంటుంది” అని. నేనూ నవ్వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకు ఒక కూటం అయిపోయాక కుర్చీలు సర్దేవాళ్లు లేకపోతే మేమిద్దరం సర్దాం. ఒకటి మీద ఒకటి పేరుస్తూ, ఈ మూల నుంచి ఆ మూలకు మోస్తూ ఉన్నాం. నేను ఏమీ అడగలేదు. అడిగే ఓపిక కూడా లేదు. సగం కుర్చీలు అయ్యేసరికి, నా ముఖం చూడకుండా, చేతిలో పని ఆపకుండా, రెండేళ్లుగా నా పేజీలో ఎక్కడా లేని సంగతి ఆ పిల్ల చెప్పింది. ఇంట్లో తండ్రితో మాటలు లేవట. ఆ కోపంతో ప్రార్థనలో ‘తండ్రీ’ అన్న మాట నోటికి రాదట. అది చెప్పి ఇంకో నాలుగు కుర్చీలు మోసింది. నేనూ మోశాను. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే మనసు ఎంత తేలికగా ఉందో! ఆ తేలికకు పేరు సంతోషమని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. నేను ఆమెకు ఏమీ నేర్పలేదు, ఏ సమస్యా తీర్చలేదు. ఇద్దరం కలిసి ఒక పని పూర్తి చేశాం, ఆ పనిలో ఆమె నన్ను నమ్మింది.

మార్కు సువార్త 3:14, 15లో యేసుప్రభువు పన్నెండుగురిని ఎందుకు ఏర్పరచుకున్నాడో రాసి ఉంది. ప్రకటించడానికి పంపడం, దయ్యాలను వెళ్లగొట్టే అధికారం ఇవ్వడం ఇవన్నీ ఉన్నాయి గానీ, అన్నిటికంటే ముందున్నది తనతో కూడా ఉండడం. పడవలో ఉన్నారు, దారిలో ఉన్నారు, జనం తోసుకొస్తుంటే ఆ తొక్కిసలాటలో ఉన్నారు. రొట్టెలు పంచినప్పుడు పంచింది శిష్యులే, మిగిలిన ముక్కలు గంపల్లోకి ఎత్తిందీ వాళ్లే. 5,000 మంది పురుషులు తిన్న ఆ రోజు 12 గంపలు మిగిలాయి. ఆ గంపలు ఎత్తిన చేతులు ఆ పాఠాన్ని మర్చిపోయి ఉంటాయా? మర్చిపోయాయనే మార్కు చెబుతాడు, అదీ మన ఓదార్పు కోసమే రాయించాడేమో. యేసుప్రభువు నేర్పితేనే అంత నెమ్మదిగా ఎక్కింది, మనం నేర్పితే నాలుగేళ్లకు ఎక్కకపోవడంలో వింతేముంది?

అందుకని మీ ఇద్దరమ్మాయిల విషయంలో నేను చెప్పేది చాలా చిన్న మార్పు. విడిగా కూర్చునే సమయం సగానికి తగ్గించండి. మిగతా సగం వాళ్లను మీ పనిలోకి లాగండి. సండే స్కూల్‌లో ఒకమ్మాయికి చిన్న క్లాసు అప్పగించి మీరు వెనక బెంచీలో కూర్చోండి. కథ తప్పు చెబితే మధ్యలో దిద్దకండి (ఇది ఎంత కష్టమో నాకు తెలుసు, పెదవి కొరుక్కోవాలి). ఒంట్లో బాగాలేని పెద్దావిడను చూడబోతే ఇంకో అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. తిరిగి వచ్చే దారిలో, “ఆవిడ ఏడుస్తుంటే నాకు ఏం మాట్లాడాలో తోచలేదు, నీకేమనిపించింది?” అని నిజంగా అడగండి. మీకు తోచలేదన్న సంగతి వాళ్లకు తెలియడం మంచిది. ఎలీషాను గురించి రాజు సేవకుడొకడు చెప్పింది గుర్తుందా? అతను ఏలీయా చేతుల మీద నీళ్లు పోసినవాడు అన్నాడు. అంత గొప్ప ప్రవక్తకు అదే పరిచయం. పక్కన ఉండి చేసిన చిన్న పని.

సంతోషం కావాలని వెతుక్కుంటూ వెళ్తే దొరకదని మీకూ తెలుసు. ఇలా కలిసి చేసే పనుల నడుమ అది తనంత తానే వచ్చి కూర్చుంటుంది. పౌలు పత్రికల్లో సంతోషం ఎక్కడ పొంగుతుందో గమనించారా? చాలాచోట్ల మనుషుల దగ్గరే. చెరలో ఉండి ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో ఆనందం ఊరికే పుట్టలేదు. సువార్త పనిలో మొదటి రోజు నుంచి మీరు నాతో పాలివారయ్యారు అన్న మాట మొదటి అధ్యాయంలోనే ఉంది. వాళ్లు పంపిన ఎపఫ్రొదితు చావుకు దగ్గరైనంత జబ్బుపడి లేచాడని, అతన్ని సంతోషంతో చేర్చుకోండని రాశాడు. థెస్సలొనీకవారికి మా ఆనందమూ మా మహిమా మీరే అన్నాడు. అక్కడికి ముందు, మీకు సువార్త మాత్రమే గాక మా ప్రాణాలే ఇచ్చేటంత ఇష్టం కలిగింది అన్నాడు. రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయంలో 20 మందికి పైగా పేరుపేరునా వందనాలు చెప్పాడు. సిద్ధాంతపరంగా అంత లోతైన పత్రిక చివర, ఫలానా వాళ్లు ప్రభువులో బహుగా ప్రయాసపడ్డారు, ఫలానా ఆమె నాకూ తల్లే అని ఒక జాబితా! చదివేటప్పుడు మనం ఆ పేర్లను గబగబా దాటేస్తాం. ఒకసారి మెల్లగా చదవండి. తర్వాత ఈ 11 ఏళ్లలో మీ జాబితా రాసుకోండి. హాజరు పుస్తకంలో పేర్లు వద్దు. మీకు చెయ్యందించినవాళ్లు, తలుపు తీసినవాళ్లు, తాళం వేసినవాళ్లు, పిల్లలను దారి దాటించినవాళ్లు, వాళ్ల పేర్లు. మీ పక్కన ఎవరూ లేరని పైన అన్నాను. ఉండి ఉంటారు, మీరు వాళ్లను మీ ఉత్తరంలో రాయలేదంతే.

వెళ్లిపోయిన అమ్మాయి సంగతి మిగతావాటికంటే బరువైనది. మీరు పెద్దగా రాయలేదు గానీ ఉత్తరం అక్కడే తడిసి ఉంది.

పౌలు, బర్నబాలతో సువార్త ప్రయాణానికి వెళ్లిన ఒక యువకుడు పెర్గే అనే ఊరి నుంచి వెనక్కి వెళ్లిపోయాడు, అపొస్తలుల కార్యములు 13:13. మార్కు అనే మారుపేరున్న యోహాను. ఎందుకు వెళ్లాడో లూకా రాయలేదు. భయమో, జబ్బో, ఇంటి మీద బెంగో, నాయకుడు మారడం నచ్చలేదో, రెండు వేల ఏళ్లుగా జనం ఊహిస్తూనే ఉన్నారు. మీకూ కారణం తెలియదు. తెలియని కారణాన్ని మీ తప్పుతో నింపేస్తున్నారు, అది ఆపండి. తర్వాతి ప్రయాణానికి మార్కును తీసుకెళ్దామని బర్నబా, వద్దని పౌలు పట్టుబట్టారు. గట్టి వాదమే అయింది, ఇద్దరు గొప్ప సేవకులు విడిపోయారు. బర్నబా మార్కును వెంటబెట్టుకుని కుప్ర ద్వీపానికి ఓడెక్కాడు. ఆ తర్వాత అపొస్తలుల కార్యములలో బర్నబా మళ్లీ కనిపించడు. ఆ ఓడలో ఏం మాట్లాడుకున్నారో, బర్నబా ఏం ఓర్చుకున్నాడో ఒక్క వాక్యమూ లేదు. పౌలు మాత్రం చివరి రోజుల్లో తిమోతికి రాస్తూ, మార్కును వెంటబెట్టుకురా, అతను పరిచర్యలో నాకు ప్రయోజనకరమైనవాడు అన్నాడు. వద్దన్నవాడే రమ్మన్నాడు.

బర్నబా అన్న పేరుకు మన పాత తెలుగు బైబిల్లో ‘హెచ్చరిక పుత్రుడు’ అని ఉంటుంది. ఇప్పటి పిల్లలు అది చదివి బర్నబా అందరినీ బెదిరించేవాడనుకుంటారు. హెచ్చరిక అంటే ఇవాళ మనకు ఎర్ర అక్షరాల బోర్డే గుర్తొస్తుంది మరి. అక్కడ దాని అర్థం ధైర్యం చెప్పి ముందుకు నడిపించడం, ఆదరించడం. పాత మాట పాత అర్థంతో మిగిలిపోయింది. మనం మాత్రం చాలాసార్లు కొత్త అర్థంలోనే హెచ్చరిక పుత్రికలమైపోతాం.

ఆ అమ్మాయికి ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి. ‘ఎందుకు రావట్లేదు’ వద్దు. ‘నీ కోసం ప్రార్థిస్తున్నాను’ అన్న మాటలో కూడా ఒక్కోసారి ముల్లు ఉంటుంది, నిందిస్తున్నట్టు వినిపిస్తుంది. ఇలా రాయండి: “నువ్వు గుర్తొచ్చావు. ఏదైనా నా వల్ల నీకు కష్టం కలిగి ఉంటే వినడానికి సిద్ధంగా ఉన్నాను. జవాబు ఇవ్వకపోయినా ఫర్వాలేదు. తలుపు తెరిచే ఉంటుంది.” పంపాక మళ్లీ మళ్లీ ఫోన్ తీసి చూడకండి. ఆమె చదివిందో లేదో చూపించే ఆ రెండు గీతల మీద మీ ఆదివారం ఆధారపడకూడదు. ఆమె గురించి ఇంకొకరి దగ్గర ప్రార్థన మనవి పేరుతో చెప్పకండి కూడా. మన సంఘాల్లో చాలా కబుర్లు ప్రార్థన మనవి ముసుగేసుకునే తిరుగుతాయి.

ఆమె తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వలేను. కొందరు మీ దగ్గరికి రారు, వేరొకరి దగ్గరికి వెళ్తారు. నేను నాటాను, అపొల్లో నీళ్లు పోశాడు, పెంచినవాడు దేవుడే అన్నాడు పౌలు. నాటినవాడి చేతులు ఖాళీగా ఉన్న రోజున కూడా నీళ్లు పోసేవాళ్లు ఎవరో ఉంటారు. మొక్క వేరు పట్టిందా లేదా అని రోజూ పీకి చూస్తే మాత్రం అది బతకదు.

ఇక కొత్త టీచర్. అసూయ అన్న మాట మీరు రాయలేదు, నేనే రాస్తున్నాను. తప్పుగా అనుకోకండి, అది నాకూ బాగా తెలిసిన చుట్టమే. నా తర్వాత వచ్చిన ఒకామె వాక్యం చెబుతుంటే అందరూ నోట్సు రాసుకోవడం చూసి, నేను చెప్పినప్పుడు ఎవరూ పెన్ను తీయలేదే అని లెక్కపెట్టుకున్నదాన్ని.

అపొస్తలుల కార్యములలో పేర్ల వరస చూడండి. 11, 12 అధ్యాయాల్లో ‘బర్నబాయు సౌలును’ (సౌలు అంటే పౌలే). 13వ అధ్యాయం మొదట్లోనూ అంతే. యెరూషలేములో అందరూ భయపడి దూరంగా ఉన్నప్పుడు సౌలును చేరదీసింది బర్నబా. తార్సుకు వెళ్లి వెతికి అంతియొకయకు తీసుకొచ్చిందీ బర్నబా. ఇద్దరూ అక్కడ ఒక సంవత్సరమంతా కలిసి బోధించారు. కుప్ర దాటగానే వరస మారిపోతుంది. పౌలు పేరు ముందుకొస్తుంది, ‘పౌలును బర్నబాయు’ మొదలవుతుంది. లుస్త్ర అనే ఊళ్లోనైతే మాట్లాడేవాడు పౌలు, పక్కన నిలబడినవాడు బర్నబా. తాను తీసుకొచ్చినవాడు తనను దాటిపోతుంటే బర్నబా ఏమనుకున్నాడో తెలియదు. ప్రయాణం మాత్రం ఆపలేదు, అదొక్కటి రాసి ఉంది.

బాప్తిస్మమిచ్చే యోహాను ఏమనుకున్నాడో తెలుసు. అందరూ యేసు దగ్గరికే వెళ్తున్నారు అని అతని శిష్యులు వచ్చి ఫిర్యాదు చేశారు. ఆయన హెచ్చాలి, నేను తగ్గాలి అన్న జవాబును మనం గోడలకు తగిలిస్తాం. దాని ముందు వచనం ఎవరూ తగిలించరు. పెండ్లికుమారుడి స్వరం విని అతని స్నేహితుడు మిక్కిలి సంతోషిస్తాడు, ఈ నా సంతోషం పరిపూర్ణమైంది అన్నాడు యోహాను. తగ్గడం గురించిన మాట సంతోషం మాట తర్వాత వచ్చింది. సంతోషం లేకుండా తగ్గాలని చూస్తే అది పళ్లు బిగబట్టి నవ్వడమే. యోహాను తగ్గింది క్రీస్తు ముందు, సాటి పనివాడి ముందు కాదు, నిజమే. అయినా పిల్లలు ఆ టీచర్ దగ్గర పాడుకునేది ఎవరి గురించి? ఆ పాట వింటున్నప్పుడు పాడేవాళ్లను కాసేపు మర్చిపోయి పాట వినడానికి ప్రయత్నించండి. మొదటి వారం కుదరదు.

ఊరికే మనసు మార్చుకోమంటే మారదు, చేతికి పని ఇవ్వాలి. ఆ టీచర్‌తో కలిసి ఒక్క పని చెయ్యండి. రాబోయే పిల్లల కార్యక్రమం మీరిద్దరూ కలిసి తయారుచెయ్యండి. పాటలు ఆమెవి, కథ మీది. ఆమెకు ఏది రాదో అప్పుడు మీకు తెలుస్తుంది, మీకు ఏది రాదో ఆమెకు తెలుస్తుంది. చిన్న వయసులో అందరి ముందూ పొగడ్త వచ్చినవాళ్లకు లోపల ఎంత భయం ఉంటుందో మీరు చూసే ఉంటారు. వచ్చే ఆదివారం పిల్లలు రాకపోతే? గొంతు పోతే? ఆమెకు పోటీదారు అక్కర్లేదు. అల్లరి పిల్లాడు ఏడ్చి గోల పెడితే ఏం చేయాలో చెప్పే మనిషి కావాలి. అకుల, ప్రిస్కిల్ల అపొల్లోతో చేసింది అదే. అతను గొప్ప వక్త, లేఖనాల్లో ప్రవీణుడు, అయినా ఒక విషయం సగమే తెలుసు. సమాజమందిరంలో లేచి అందరి ముందూ దిద్దలేదు, చేర్చుకుని ఇంకా వివరంగా చెప్పారు. ఇద్దరూ కలిసి చెప్పారు, అది గమనించండి. పేర్లు వచ్చిన చోటల్లా వాళ్లు జంటగానే వస్తారు, ఒక్కసారీ విడిగా రారు.

పాస్టర్ గారితో కూడా మాట్లాడండి. నన్ను ఎందుకు మెచ్చుకోలేదు అని అడగమనడం లేదు. నేను అలసిపోయాను, ఒక నెల క్లాసు తీసుకోకుండా వెనక నిలబడి సాయం చేస్తాను, నా కోసం కూడా ఎవరైనా పెద్దావిడ ఉంటే బాగుంటుంది అని చెప్పండి. నడిపించేవాళ్లకూ నడిపించేవాళ్లు కావాలి. మీకన్నా పదేళ్లు పెద్దదైన ఒక విశ్వాసురాలు ఉంటే నెలకోసారి ఆమె దగ్గర కూర్చోండి. మీరు చెప్పండి, ఆమె వింటుంది. మీరు పాఠం చెప్పని చోటు మీకు ఒక్కటైనా ఉండాలి.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, వీటిని మొహమాటానికి వదలకండి. 18 ఏళ్లలోపు పిల్లలను కలిసేటప్పుడు తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి. తలుపు తెరిచి ఉన్న చోట, నలుగురి కంటికి కనిపించే చోట కలవండి. ఎవరైనా “ఎవరికీ చెప్పనని మాటివ్వండి” అంటే ఇవ్వకండి. “నీకు ప్రమాదం ఉందనిపిస్తే సాయం చేయగలిగినవాళ్లకు చెప్తాను, మిగతావి నా దగ్గరే ఉంటాయి” అని ముందే చెప్పండి. ఎవరైనా హింసకు గురవుతున్నారనో, ప్రాణం తీసుకోవాలనిపిస్తోందనో చెబితే దాన్ని ప్రార్థనతోనే ముగించకండి. అదే రోజు తగిన సాయం దగ్గరికి తీసుకెళ్లాలి. పెళ్లి, చదువు, ఉద్యోగం విషయాల్లో ప్రభువు మాటగా మీ ఇష్టాన్ని చెప్పకండి. ఇవి ఆనందాన్ని తగ్గించే నియమాల్లా కనిపిస్తాయి. నా అనుభవంలో ఇవి ఉన్న చోటే గుండె మీద బరువు లేకుండా పనిచేయగలిగాను.

మానేయనా అని అడిగారు. ఇప్పుడే మానకండి. ఒంటరిగా చేయడం మానండి. మూడు నెలలు ఇలా చేసి చూడండి. క్లాసు పంచుకోవడం, ఆ టీచర్‌తో ఒక కార్యక్రమం, అమ్మాయిలను పనిలో వెంట తీసుకెళ్లడం, మీకో పెద్దావిడ. అప్పటికీ శనివారం సాయంత్రం అలాగే ఉంటే ఆగిపోవడానికి మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది. సండే స్కూల్ ప్రభువుది, ఆయన దాన్ని మూసేయడు.

లూకా 10లో డెబ్బదిమంది ఇద్దరిద్దరుగా వెళ్లి సంతోషంతో తిరిగి వచ్చారు. దయ్యాలు కూడా మాకు లోబడ్డాయి అన్నారు. ఫలితం కళ్ల ముందుంది, ఉత్సాహం ఉరకలేస్తోంది. దాని గురించి సంతోషించకండి, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నాయని సంతోషించండి అన్నాడు యేసు. తర్వాతి వచనం నాకు చాలా ఇష్టం. ఆ గడియలోనే ఆయన పరిశుద్ధాత్మయందు బహుగా ఆనందించాడు. సువార్తల్లో ఆయన ఏడ్చాడని, అలసిపోయాడని, కోపపడ్డాడని చదువుతాం, ఆనందించాడని మాటల్లో రాసిన చోట్లు అరుదు. అలాంటిది ఇక్కడ, పని చేసి వచ్చిన తనవాళ్లను చుట్టూ చూసుకున్నప్పుడు రాశారు. వాళ్లలో ఒక్కరి పేరూ మనకు తెలియదు.

చివరికి ఆ నోటుబుక్కు. ఇచ్చేయండి. ఊరికే చేతిలో పెట్టేయకుండా ఒక గంట కూర్చుని ఏ పాట ఏ పిల్లలకు నచ్చిందో, ఏ కథ చెబితే చిన్నవాళ్లు భయపడ్డారో చెబుతూ ఇవ్వండి. ఖాళీ పేజీలు చింపకండి, ఆమె రాసుకుంటుంది. అంతకుముందు మాత్రం ఒక జిరాక్సు తీయించుకోండి. 11 ఏళ్ల సొంత చేతిరాత మీద ఆ మాత్రం మమకారం ఉంటే ప్రభువు ఏమీ అనుకోడు.